ఊరు మారితే అలవాటు ఏమవుతుంది?

కాచిగూడలో ఉందానగర్ వెళ్ళే రైలు ఎక్కితే ఫలక్‌నుమా దాటాక శివరాంపల్లి, ఆ తర్వాత బుద్వేల్ స్టేషన్లు వస్తాయి. మీ ఇల్లు ఆ బుద్వేల్‌లోనే అనుకోండి. పదో తరగతి వరకు రోజూ సైకిలు మీద బడికి వెళ్ళారు. సాయంత్రం గంట కొట్టగానే స్నేహితులతో కబడ్డీ ఆడారు. జూన్‌లో ఇంటర్మీడియట్ కోసం దూరంగా ఒక హాస్టల్లో చేరారు. సైకిలు ఇంట్లోనే ఉండిపోయింది. స్నేహితులు తలో కాలేజీకీ పోయారు. మూడు నెలలు గడిచేసరికి మూడో అంతస్తు మెట్లెక్కితే ఆయాసం! "నాకు బద్ధకం పెరిగిపోయింది" అని మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు.

తప్పు నిజంగా బద్ధకానిదేనా? చూద్దాం.

మీరు సైకిలు నేర్చుకున్న రోజులు గుర్తు తెచ్చుకోండి. తొక్కడం, హ్యాండిల్ తిప్పడం, బ్రేకు వేయడం - ప్రతిదానికీ ఆలోచించవలసి వచ్చేది. కొన్నాళ్ళకు ఆలోచన అవసరమే లేకపోయింది. ఒకే పనిని ఒకే పరిస్థితిలో మళ్ళీ మళ్ళీ చేస్తూ ఉంటే, మెదడు లోపలి భాగంలో ఉండే 'బేసల్ గాంగ్లియా' అనే నాడీకణాల సముదాయాలు ఆ పనిలో ముఖ్యపాత్ర వహిస్తాయి. అప్పుడు పరిస్థితి ఎదురైతే చాలు, పని దానంతటదే మొదలవుతుంది. బడి గంట వినగానే మీ కాళ్ళు మైదానం వైపు నడిచింది ఇందుకే. చొక్కా కొక్కేనికి వేలాడినట్లు, మీ ఆట ఆ గంటకు వేలాడుతూ ఉండేదన్నమాట. హాస్టల్లో ఆ కొక్కెం లేదు!

ఈ సంగతిని శాస్త్రజ్ఞులు పరీక్షించి చూశారు. అమెరికాలో వెండీ వుడ్, ఆమె సహచరులు ఒక విశ్వవిద్యాలయం నుంచి మరొక దానికి మారే విద్యార్థులను, మారక ముందూ మారిన తర్వాతా ప్రశ్నించారు. ఫలితాలు 2005లో వెలువడ్డాయి. కొత్తచోట కూడా పరిస్థితులు పాతవాటిలాగే ఉన్నవారికి వ్యాయామపు అలవాటు నిలిచింది. పరిస్థితులు మారిపోయినవారిలో అలవాటు పట్టు సడలింది. అప్పటి నుంచి వారిని నడిపింది వారి ఉద్దేశమే. ఇందులో ఒక మేలు కూడా ఉంది. చోటు మారినప్పుడు చెడ్డ అలవాటు పట్టు కూడా సడలుతుంది కదా!

ఇప్పుడు మళ్ళీ శివరాంపల్లికి వద్దాం. అక్కడ సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీ ఉంది. 1948లో మౌంట్ ఆబూలో మొదలైన ఈ సంస్థ 1975లో హైదరాబాదుకు తరలివచ్చింది. కష్టమైన పోటీ పరీక్షకు చదివి నెగ్గిన యువతీయువకులు ఇక్కడ ఐపీఎస్ శిక్షణ పొందుతారు. పుస్తకాల ముందు కూర్చున్నవారు ఇక్కడ వ్యాయామం, కవాతు, ఈత, గుర్రపు స్వారీ నేర్చుకోవాలి. వారిని మైదానానికి చేర్చేది పట్టుదల ఒక్కటే కాదు. వేళ, చోటు, తోటివాళ్ళు - ఈ మూడూ ముందే నిర్ణయమై ఉంటాయి. మీ హాస్టల్లో వాటిని మీరే ఏర్పాటు చేసుకోవాలి.

మరి కొత్త అలవాటుకు ఎన్నాళ్ళు పడుతుంది? లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మంది మీద 84 రోజులు పరిశోధన చేసింది. ఫలితాలు 2009లో వెలువడ్డాయి. అలవాటు స్థిరపడడానికి పట్టే కాలం మనిషిని బట్టీ పనిని బట్టీ 18 నుంచి 254 రోజుల దాకా ఉంటుందని వారు అంచనా వేశారు. మధ్యస్థంగా చూస్తే 66 రోజులు. ఒక రోజు తప్పిపోయినా పెద్దగా నష్టం లేదని కూడా తేలింది. కాబట్టి పరీక్ష రోజున మానేశామని మొత్తానికే వదిలేయనక్కరలేదు.

5 నుంచి 17 ఏళ్ళ వయసువారు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. మొదటి రోజే అంతా చేయబోతే మూడో రోజుకు విసుగొస్తుంది. పది నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి.

ఒక ప్రయోగం చేసి చూడండి. ఏ ఊరు వెళ్ళినా మీతో వచ్చే పని ఒకటి ఎంచుకోండి. ఉదాహరణకు పళ్ళు తోముకోవడం. అది కాగానే పది నిమిషాలు వేగంగా నడవండి, లేదా గుంజీలు తీయండి. చోటు మార్చకండి. ఒక స్నేహితుణ్ణి జత చేసుకోండి. చేసిన రోజున క్యాలెండర్‌లో గీత గీయండి. ఏదో ఒక రోజు, వెళ్దామా వద్దా అని ఆలోచించకుండానే మీరు బయట నడుస్తూ ఉంటారు. ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టండి. మీకు ఎన్ని రోజులు పట్టిందో లెక్క తేలుతుంది.

పదో తరగతి అయ్యేదాకా ఆగకండి. కొక్కెం ఇప్పుడే బిగించుకుంటే, హాస్టలుకు వెళ్ళేటప్పుడు పెట్టెతోపాటు అది కూడా మీ వెంట వస్తుంది.