అభ్యంతరం ఉంటే... గడువులోగానే చెప్పాలి!

సినిమా కబుర్లు, క్రికెట్ స్కోర్లు అయిపోయాక పేపర్లో ఏ లోపలి పేజీలోనో, కింద మూలన, చీమల్లాంటి అక్షరాలతో ఓ ప్రకటన ఉంటుంది. ‘ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా...’ అంటూ మొదలై, ‘అభ్యంతరములు, సూచనలు ఉన్నచో ఇన్ని రోజులలోగా తెలుపవలెను’ అంటూ ముగుస్తుంది. దాన్ని చదివేవాళ్లు తక్కువ. చదవడానికి వీలుగా రాయరు కూడా! కానీ మన వీధి ఏ వార్డులోకి పోతుందో, పక్కనున్న ఖాళీ జాగాలో ఇల్లు లేస్తుందో షాపింగ్ కాంప్లెక్స్ లేస్తుందో తేలేది అక్కడే.

2025 డిసెంబరులో జరిగిందే చూడండి. నగరం చుట్టూ ఉన్న 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను జీహెచ్ఎంసీలో కలిపి, 150 వార్డులను 300 చేస్తూ ముసాయిదా ఇచ్చారు. అభ్యంతరాలకు పెట్టిన గడువు... వారం రోజులు! ఏ వార్డులో ఎంతమంది ఉన్నారో, హద్దు గీత ఏ వీధి మీదుగా పోతోందో చూడనిదే అభ్యంతరం చెప్పేదెలా? ఆ ప్రశ్నతోనే కొందరు హైకోర్టు తలుపు తట్టారు. వార్డుల వారీ జనాభా లెక్కలు, మ్యాపులు జనం ముందు పెట్టమంది కోర్టు. గడువును మరో రెండు రోజులు పొడిగించింది. అభ్యంతరాలు వేలల్లో వచ్చాయి. చివరికి వార్డులు 300గానే ఖరారయ్యాయనుకోండి. అయినా మ్యాపులు బయటికొచ్చాయంటే అడిగినవాళ్లు ఉండబట్టే.

చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాలకు ఈ కలపడాలూ విడదీయడాలూ కొత్తేం కాదు. ఎల్బీనగర్, గడ్డిఅన్నారం సహా 12 మున్సిపాలిటీలను 2007 ఏప్రిల్‌లో గ్రేటర్‌లో కలిపేశారు. ఇంటిపన్ను రసీదు మీద పేరు మారింది. హద్దు అటోఇటో జరిగితే ఏమవుతుందిలే అనిపిస్తుంది. నాలా ఒక వార్డులో, అది పొంగితే మునిగే వీధి మరో వార్డులో పడితే తెలుస్తుంది. అప్పుడు ‘అది మా పరిధి కాదండీ’ అనే మాట రెండు చోట్లా వినాలి.

మరి అభ్యంతరం ఎలా రాయాలి? ‘ఈ విభజన అన్యాయం, వెంటనే రద్దు చేయాలి’ అని రాస్తే ఆ కాగితం ఫైల్లోకి పోతుంది, అంతే. ముసాయిదా నంబరు, తేదీ పైన వేయాలి. ఫలానా పేరాలో ఫలానా రోడ్డును హద్దుగా పెట్టారు, దానివల్ల మా కాలనీ రెండు ముక్కలవుతోంది, దాని బదులు ఫలానా నాలాను హద్దుగా తీసుకుంటే కాలనీ మొత్తం ఒకే వార్డులో ఉంటుంది... ఇలా రాస్తే అవతలివాళ్లు జవాబు చెప్పకుండా తప్పించుకోవడం కష్టం. చేత్తో గీసిన మ్యాపు జత చేసినా మంచిదే. ఒకే ఉత్తరాన్ని వందమంది జిరాక్స్ తీసి ఇచ్చేకన్నా, కాలనీ సంఘం లెటర్‌హెడ్ మీద ఒకటి, ఎవరి ఇబ్బంది వాళ్లు రాసినవి పది ఇస్తే బరువెక్కువ.

గడువు దాటాక ఎంత గొంతు చించుకున్నా అది ఫిర్యాదే అవుతుంది. మెట్రో చార్జీలనే తీసుకోండి. 2025 మేలో కనీస చార్జీ 10 నుంచి 12 రూపాయలకు, గరిష్ఠం 60 నుంచి 75కు పెంచారు. జనం మండిపడ్డాక కొంత తగ్గించి 11, 69 చేశారు. అయితే ఆ పెంపునకు మూలమైన చార్జీల నిర్ణయ కమిటీ 2022లోనే కూర్చుంది. ఈమెయిల్లోనో పోస్టులోనో సలహాలు పంపమని నవంబరు 15 దాకా గడువిచ్చింది. చైతన్యపురి స్టేషన్లో రోజూ రైలెక్కేవాళ్లలో ఆ సంగతి ఎందరికి తెలిసి ఉంటుంది? టికెట్ ధర చూసి ఉలిక్కిపడేసరికి ఆ గడువు పోయి రెండున్నరేళ్లు!

మాట నెగ్గిన సందర్భాలూ లేకపోలేదు. నెలకు 300 యూనిట్లు దాటి వాడే ఇళ్లకు కిలోవాట్‌కు 10 రూపాయలున్న ఫిక్స్‌డ్ చార్జీని 50 చేస్తామని 2024లో డిస్కంలు ప్రతిపాదించాయి. విద్యుత్ నియంత్రణ మండలి అక్టోబరులో బహిరంగ విచారణ జరిపి, ఆ పెంపును ప్రతిపాదించిన రూపంలో ఒప్పుకోలేదు. ఇక్కడ ఓ కిటుకు ఉంది. జనం చెప్పిన సూచనలు, అభ్యంతరాలు పరిశీలించాకే చార్జీలు ఖరారు చేయాలని 2003 విద్యుత్ చట్టంలోనే రాసి ఉంది. అందుకే ఆ విచారణకు అంత విలువ. నగరపాలనకు సంబంధించిన ప్రతి నిర్ణయానికీ అలాంటి రక్ష లేదు. అమెరికాలోనైతే కేంద్ర ప్రభుత్వ శాఖలు ఏ నిబంధన తేవాలన్నా సాధారణంగా ముందు ముసాయిదా పెట్టి, జనం మాట విని, ఎందుకు ఇలా ఖరారు చేశామో చెప్పాలని 1946లోనే చట్టం చేసుకున్నారు. మన కేంద్రం కూడా చట్టాల ముసాయిదాలను కనీసం 30 రోజులు జనం ముందుంచాలని 2014లో ఓ విధానం పెట్టుకుంది. అది విధానమే, చట్టం కాదు.

మూసీ ఒడ్డున ఉన్నవాళ్లకు ఈ గీతల విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరు చివర్లో నది వెంట ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాస్తుంటే చైతన్యపురి, కొత్తపేట వైపు కాలనీల జనం రోడ్డెక్కారు. జీవితకాలం సంపాదన పెట్టి కట్టుకున్న ఇల్లు మరి! కార్పొరేషన్ పరిధిలో నది హద్దు నుంచి 50 మీటర్ల దాకా బఫర్ అన్న నిబంధన 2012 నాటి 168వ జీవోలోనే ఉంది. ఆ జీవో ఒకటుందని గోడ మీద రంగు పడ్డాకే తెలుసుకున్నవాళ్లెందరో.

చెరువుల పూర్తి నీటిమట్టం హద్దులకూ ముందు ప్రాథమిక నోటిఫికేషన్ ఇస్తారు. అభ్యంతరాలు విన్నాకే తుది నోటిఫికేషన్. నివాస స్థలాన్ని వాణిజ్య స్థలంగా మార్చే భూవినియోగ మార్పిడికైతే పత్రికా ప్రకటన వేసి, సాధారణంగా పదిహేను రోజులు గడువిస్తారు. రోజూ పేపర్లో ఈ ప్రకటనలు వెతకడం ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు అయ్యే పని కాదు. కాలనీ సంఘంలో రిటైరైన ఉద్యోగి ఒకరు ఈ బాధ్యత తీసుకుంటే చాలు. అటువంటి పెద్దలు దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల వీధికొకరు దొరుకుతారు!

కాగితం ఇచ్చేటప్పుడు రెండు ప్రతులు తీసుకెళ్లాలి. రెండోదాని మీద ఇన్‌వార్డ్ నంబరు, తేదీ, స్టాంపు వేయించుకోవాలి. ‘మా అభ్యంతరం ఏం చేశారు?’ అని రేపు సమాచార హక్కు చట్టం కింద అడగడానికి అదే ఆధారం. జవాబుకు 30 రోజుల గడువుంది, ఈసారి గడువు అధికారులకు! ఇంకొక్క మాట... ఆఖరి రోజు సాయంత్రం దాకా ఆగేవాళ్లు ఇన్‌వార్డ్ కిటికీ ఎన్ని గంటలకు మూస్తారో ముందే కనుక్కోవాలి.