మొండికేసిన అంబాసిడర్

షెడ్డులో ఏళ్ల తరబడి పడివున్న అంబాసిడర్‌ని మళ్లీ రోడ్డెక్కించాలన్న సరదా చాలామందికి తాళం తిప్పగానే సగం చల్లారిపోతుంది. ఇంజన్ పలకదు. అప్పటినుంచి బ్యాటరీ, ప్లగ్గులు, కాయిల్ అంటూ ఒక్కొక్కటే కొత్తవి కొనడం మొదలవుతుంది. అసలు జబ్బు తెలియకుండా వేసే మందు ఇది.

1489 సీసీ పెట్రోలు ఇంజనున్న పాత అంబాసిడర్‌లో కంప్యూటర్ లేదు. కంప్రెషన్ బాగుంటే దానికి కావలసినవి మూడే: ఇంజన్ తగినంత వేగంగా తిరగాలి, సరైన క్షణంలో స్పార్కు పడాలి, పెట్రోలు అందాలి. ఈ వరుసలోనే వెతకాలి.

ఏళ్లుగా కదలని ఇంజనుకు ముందే సెల్ఫ్ కొట్టకూడదు. పిస్టన్ రింగులు తుప్పుతో పట్టేసి ఉండొచ్చు. ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో కొంచెం ఇంజన్ ఆయిల్ పోసి, నానాక చేత్తో తిప్పి చూడాలి. తేలిగ్గా తిరిగితేనే సెల్ఫ్.

సెల్ఫ్ కొడితే ‘టక్’మని ఆగిపోతోందా? నిండా చార్జయిన బ్యాటరీ మీటరులో సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది. అంతమాత్రాన నమ్మకూడదు. సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్ల దాకా లాగుతుంది. తుప్పు పట్టిన ఎర్త్ తీగ దగ్గర నిరోధం ఓమ్‌లో నూరోవంతు ఉన్నా, ఓమ్ సూత్రం ప్రకారం 1.5 వోల్టులు అక్కడే పోతాయి. అందుకే కొలత సెల్ఫ్ కొడుతున్నప్పుడే తీయాలి. బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య 9.6 వోల్టుల కంటే తగ్గిపోతే బ్యాటరీని అనుమానించాలి. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కూ ఇంజన్ బ్లాకుకూ మధ్య అర వోల్టు దాటితే తప్పు ఎర్త్‌ది. దాన్ని విప్పి గీకి బిగిస్తే చాలు.

ఇంజన్ చురుగ్గా తిరుగుతున్నా అంటుకోకపోతే స్పార్కు సంగతి చూడాలి. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు మూసుకున్నప్పుడు కాయిల్ ప్రైమరీ చుట్టలో కరెంటు పారి అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. అవి తెరుచుకోగానే ఆ క్షేత్రం ఒక్కసారిగా కుప్పకూలుతుంది. క్షేత్రం ఎంత వేగంగా మారితే అంత వోల్టేజి పుడుతుందన్నది ఫారడే సూత్రం. సెకండరీలో చుట్లు చాలా ఎక్కువ కాబట్టి అక్కడ అది వేల వోల్టులకు చేరి ప్లగ్గు సందులో నిప్పురవ్వగా దూకుతుంది. పాయింట్ల మధ్య మెరుపు రేగి కరెంటు సాగకుండా ఆపేది కండెన్సర్. అది చెడిపోతే క్షేత్రం నెమ్మదిగా తగ్గుతుంది, స్పార్కు నీరసిస్తుంది.

వాడకుండా నిలిపిన బండిలో ముందుగా పాడయ్యేవి ఈ పాయింట్లే. చూడ్డానికి బాగానే ఉంటాయి, కానీ వాటిపై పట్టిన సన్నని ఆక్సైడ్ పొర 12 వోల్టుల కరెంటును అడ్డుకుంటుంది. సన్నని ఎమెరీ కాగితంతో రుద్ది, తుడిచి, సందును 0.38 మిల్లీమీటర్ల దగ్గర సరిచేస్తే చాలాసార్లు స్పార్కు తిరిగొస్తుంది. ప్లగ్గు తీగలు విప్పి పెట్టివుంటే, సిలిండర్లకు స్పార్కు అందే 1-3-4-2 వరుస తప్పిందేమో చూసుకోవాలి.

స్పార్కు ఉంటే ఇక పెట్రోలు. చోక్ లాగి కాసేపు సెల్ఫ్ కొట్టి ఒక ప్లగ్గు విప్పండి. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. తడిసి ముద్దయితే ఎక్కువైంది. నిలవున్న పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగం ముందే పోతుంది. మిగిలింది జిగురుగా మారి కార్బురేటర్ జెట్లను మూసేస్తుంది. పాత రబ్బరు గొట్టాలకు ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోలు పడదు. ట్యాంకు ఖాళీ చేసి, గొట్టాలు మార్చి, జెట్లు శుభ్రం చేయడమే మందు.

గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, పెట్రోలు ఆవిరి దగ్గర నిప్పురవ్వ రాకుండా జాగ్రత్తపడండి. ఒకసారికి ఒక్కటే మార్చి పరీక్షించండి. రెండు కలిపి మారిస్తే బండి స్టార్టవుతుందేమో గాని, జబ్బు ఏమిటో మాత్రం తెలియదు.