తొలి అడుగుల్లో తొందర వద్దు

కామారెడ్డిలోనైనా, ఎల్లారెడ్డి చుట్టుపక్కల పల్లెల్లోనైనా, వ్యాయామం కొత్తగా ఆరంభించేవారికి 2022లో ప్రభుత్వం ఊరూరా తలపెట్టిన క్రీడా ప్రాంగణం వంటి చదునైన నేల, రోజుకు పది నిమిషాల నడక మొదట్లో సరిపోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు సూచించిన, వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, అంటే మాట్లాడగలిగినా పాట పాడలేనంతగా ఊపిరి వేగం పెరిగే శ్రమ, కొన్ని వారాల్లో క్రమంగా చేరుకోవలసిన స్థాయి. కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులు కండరాలకంటే నెమ్మదిగా బలపడతాయి కనుక, తొందరపాటు మోకాళ్ల, మడమల నొప్పులకు దారితీస్తుంది. వారానికి రెండు రోజులు కుర్చీలో కూర్చుని లేవడం, గోడకు చేతులానించి దండీలు తీయడం కండబలాన్ని పెంచుతాయి. బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నవారు ముందుగా వైద్యుణ్ణి సంప్రదించాలి. ఛాతీనొప్పి, కళ్లు తిరగడం కనిపిస్తే ఎవరైనా వెంటనే ఆపి వైద్యసాయం పొందాలి. వేసవిలో ఎండ ముదరకముందే నడక ముగించాలి.