బేరింగుకు కెమెరా పెడితే

మునగపాకలో ట్రాక్టరో ఆటోనో మొరాయిస్తే మెకానిక్ పాడైన సామాను ఊడదీసి యజమాని చేతిలో పెడతాడు. "ఇది పట్టుకెళ్ళి అనకాపల్లిలో చూపించండి బాబూ, ఇలాంటిదే ఇమ్మనండి." అక్కడ లేకపోతే గాజువాక ఆటోనగర్. షాపాయన పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెడతాడు, రంధ్రంలో వేలు దూరుస్తాడు, ఒకసారి తిప్పి చెవి దగ్గర పెట్టుకుంటాడు. ఆ తర్వాతే రేటు. ఆన్‌లైన్‌లో స్పేర్ పార్టులు అమ్మే వీడియో చేయాల్సిన పని కూడా ఇదే. చాలామంది మాత్రం దడదడమనే సంగీతం పెట్టి, సామానును గిరగిరా తిప్పి, షాపు పేరు ఎగిరొచ్చేలా చేసి వదిలేస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది, కొనేవాడికి మాత్రం ఏమీ తెలియదు.

మొదటి చిక్కు సైజు. లెన్సుకు దగ్గరున్న చిన్న వస్తువూ దూరంగా ఉన్న పెద్ద వస్తువూ ఒకటే. ఫోన్‌ను సామాను మీదికి వంచి తీసే అలవాటు దీన్ని ఇంకా చెడగొడుతుంది. 10 సెంటీమీటర్ల లోతున్న హబ్‌ను 20 సెంటీమీటర్ల దూరం నుంచి తీస్తే ముందు అంచు 20, వెనక అంచు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. అంటే వెనక అంచు ఉండాల్సిన దాంట్లో మూడింట రెండు వంతులే కనిపిస్తుంది. మీటరు దూరానికి జరిగి జూమ్ చేస్తే ఆ దూరాలు 100, 110 అవుతాయి, తేడా పదకొండో వంతుకు దిగుతుంది. పక్కన స్కేలు పెట్టడం మంచిదే, కానీ కొలవాల్సిన అంచుతో సమానమైన దూరంలో పెట్టాలి. వెనకాల గోడకు ఆనించిన స్కేలు అబద్ధం చెబుతుంది. వెర్నియర్ కాలిపర్‌తో పట్టుకుని చూపిస్తే ఈ గొడవే ఉండదు.

బేరింగులకైతే కొలతను నంబరులోనే దాచి పెట్టారు. 6203లో 62 అనేది సిరీస్, చివరి 03 లోపలి రంధ్రానికి గుర్తు. 00 అంటే 10 మిల్లీమీటర్లు, 01 అంటే 12, 02 అంటే 15, 03 అంటే 17. 04 నుంచి 5తో గుణించుకుంటే సరి. 6202 బయటి వ్యాసం 35 మిల్లీమీటర్లు, 6203ది 40. ఫోన్ తెర మీద ఈ రెంటినీ విడివిడిగా చూస్తే పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు. నంబరు పక్కన టూ ఆర్‌ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు సీలు, జెడ్‌జెడ్ అని ఉంటే రేకు మూత. టైర్లదీ అంతే. మనం కొనే కారు టైరు పక్కగోడ మీద ఉండే కోడ్ చివర్లో నాలుగంకెలు ఉంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం తయారైందని. ఆన్‌లైన్‌లో టైరు కొనేవాడు అడిగి మరీ చూడాల్సిన అంకెలివి, అమ్మేవాళ్ళు మాత్రం ఎక్కువగా టైరు గాట్లే చూపిస్తారు.

అయితే ఉక్కు మీద చెక్కిన నంబరు కెమెరాకు అంత సులువుగా దొరకదు. మెరుగుపెట్టిన లోహం అద్దమే. దాన్ని ఫొటో తీస్తే పడేది గది, బల్బు, తీసేవాడి చొక్కా. ఫోన్ ఫ్లాష్ వేస్తే ఒక తెల్లటి మరక తప్ప ఏమీ మిగలదు. కనుక అద్దానికి పెద్ద తెల్లటి వస్తువును చూపించాలి. బల్బుకూ సామానుకూ మధ్య తెల్ల పంచె బిగించి కట్టినా, ఎదురుగా థర్మోకోల్ షీటు నిలబెట్టినా చాలు. పోలరైజర్ ఫిల్టరు కొనమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. రబ్బరు, ప్లాస్టిక్, పెయింటు మీది మెరుపును అది బాగా తగ్గిస్తుంది, ఎందుకంటే వాటి మీద ఏటవాలుగా పడి వెనుదిరిగిన కాంతి ఎక్కువగా ఒకే తలంలో కంపిస్తుంది. లోహంలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు అన్ని తలాల కాంతినీ దాదాపు సమానంగా తిప్పికొడతాయి, అక్కడ ఫిల్టరుకు పెట్టిన డబ్బు దండగ. నంబరు కనబడాలంటే టార్చిని పక్క నుంచి, దాదాపు సామానును రాసుకుంటూ వేయాలి. గాట్లలో నీడ పడి అంకెలు లేచి నిలబడతాయి. అరిగిన రాతి శాసనాలు చదివేవాళ్ళు చేసేదీ ఇదే.

షాపు లైట్ల కింద తీసిన వీడియోలో నల్లటి చారలు పాకడం చూసే ఉంటారు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు. ఒక్కో ఆవృత్తంలో రెండుసార్లు వెలుగు తగ్గుతుంది కనుక చౌకరకం ఎల్‌ఈడీ సెకనుకు 100 సార్లు మిణుకుమంటుంది. షట్టరును సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో పెడితే ప్రతి ఫ్రేములోనూ లెక్క సరిపోయి చారలు పోతాయి. 60వ వంతు పెట్టమనే అమెరికా యూట్యూబర్ల మాట ఇక్కడ చెల్లదు, వాళ్ళ కరెంటు 60 ఆవృత్తాలది. తిరిగే సామానుకు ఇంకో మాయ ఉంది. ఆరు రంధ్రాల డిస్కు సెకనుకు అయిదు చుట్లు తిరిగితే సెకనుకు 30 రంధ్రాలు దాటతాయి. సెకనుకు 30 ఫ్రేములు తీసే కెమెరాలో అది కదలకుండా నిలబడ్డట్టే ఉంటుంది. వంకర ఉందో లేదో చూపించాలంటే చేత్తో నెమ్మదిగా తిప్పడమే మేలు.

నంబరు మీద రెండు మూడు సెకన్లు కదలకుండా ఆగడానికీ ఒక కారణం ఉంది. వీడియో ఫైలు ప్రతి ఫ్రేమునూ పూర్తి బొమ్మగా దాచదు, ముందు ఫ్రేముకూ దీనికీ ఉన్న తేడాలనే రాసుకుంటుంది. చెయ్యి వణికితే తెరంతా తేడాయే. సిగ్నల్ అంతంత మాత్రంగా ఉన్నచోట ముందుగా అలుక్కుపోయేది సన్నటి అంకెలే. స్టాండు లేకపోతే ఫోన్‌ను ఇటుకకు ఆనించినా సరే.

సామాను ఎలా బిగించాలో చూపే వీడియోకు కెమెరా ఎక్కడుండాలి? చాలామంది మెకానిక్ ఎదురుగా పెడతారు. 2017లో లోగన్ ఫియొరెల్లా, రిచర్డ్ మేయర్ తదితర పరిశోధకులు ఎలక్ట్రిక్ సర్క్యూట్ అమరిక నేర్పే వీడియోలను రెండు కోణాల్లో చూపించి పరీక్షించారు. చేసేవాడి కళ్ళ నుంచి తీసిన వీడియో చూసినవాళ్ళే ఆ అమరికను మెరుగ్గా చేయగలిగారు. ఎదురు నుంచి చూస్తే కుడి ఎడమలను బుర్రలో తిరగేసుకోవాలి మరి. కాబట్టి ఫోన్ మెకానిక్ భుజం మీదుగా చూడాలి. మాటలు నోటితో చెబుతున్నప్పుడు అవే వాక్యాలను తెర మీద కూడా పరచనక్కర్లేదు, చదివే కన్ను చేతుల్ని వదిలేస్తుంది. రాయాల్సింది పార్టు నంబరు, బండి మోడలు, తయారైన సంవత్సరాలు. వాటి కిందే, అమ్మేవాళ్ళు ఎప్పుడూ మింగేసే ఇంకో వరుస: చూడ్డానికి ఇలాగే ఉన్నా ఈ సామాను ఏ మోడళ్ళకు పట్టదో.