మగవారికి ప్రోస్టేట్ పరీక్ష – అందరికీ అవసరమా?

"వేసెక్టమీ చేయించుకుంటే పెద్దతనంలో ప్రోస్టేట్ క్యాన్సర్ వస్తుందట గదా?" "యాభై దాటిన మగవాళ్ళంతా రక్తపరీక్ష చేయించుకోవాలట గదా?" దంపతులకు కలిగే ఈ రెండు సందేహాలకూ జవాబు తెలుసుకుందాం.

ప్రోస్టేట్ అంటే ఏమిటి?

మగవారికి మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉసిరికాయంత గ్రంథి ఉంటుంది. అదే ప్రోస్టేట్. వీర్యంలోని ద్రవం కొంత ఇక్కడ తయారవుతుంది. వయసు మీరేకొద్దీ ఇది ఉబ్బడం మామూలే. ఉబ్బిందల్లా క్యాన్సర్ కాదు.

వేసెక్టమీ వల్ల వస్తుందా?

ఈ ఆపరేషన్‌లో వీర్యనాళాలను మాత్రమే కత్తిరించి ముడివేస్తారు. ప్రోస్టేట్ జోలికి పోరు. 1993లో అమెరికాలో వెలువడిన అధ్యయనాలతో ఈ భయం పెరిగింది. తరువాతి అధ్యయనాల్లో కొన్నింటిలో తేడా లేదు, కొన్నింటిలో స్వల్పంగా కనిపించింది. ఆపరేషనే కారణమని తేలలేదు. అమెరికా మూత్రకోశ వైద్యుల సంఘం కూడా 2012లో ఇదే మాట చెప్పింది. కనుక ఈ భయంతో ఆపరేషన్ మానుకోనక్కరలేదు.

రక్తపరీక్ష ఏం చెబుతుంది?

దీన్ని పి.ఎస్.ఏ. పరీక్ష అంటారు. క్యాన్సర్ ఉంటే ఈ అంకె పెరుగుతుంది. అయితే గ్రంథి ఉబ్బినా, మూత్రంలో చీము పట్టినా, పరీక్షకు రెండు రోజుల లోపు భార్యాభర్తలు కలిసినా పెరగవచ్చు. అంకె ఎక్కువ వచ్చినంత మాత్రాన హడలిపోకండి.

వైద్యులు తలో మాట ఎందుకు చెబుతారు?

ఈ క్యాన్సర్ చాలామందిలో నెమ్మదిగా పెరుగుతుంది, జీవితాంతం బాధపెట్టకపోవచ్చు. కొందరిలో మాత్రం ఎముకలకు పాకి ప్రాణం తీస్తుంది. ఏది ఏ రకమో మొదట్లోనే చెప్పడం కష్టం. హాని చేయని దానికి ఆపరేషన్ చేసినా, కరెంటు పెట్టినా మూత్రం ఆపుకోలేకపోవడం, దాంపత్య సుఖం తగ్గడం వంటి ఇబ్బందులు మిగలవచ్చు.

అందుకే అమెరికా నిపుణుల సంఘం 2012లో ఈ పరీక్ష వద్దంది. 2018లో మాట మార్చి, 55 నుంచి 69 ఏళ్ళవారు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలనీ, 70 దాటితే వద్దనీ చెప్పింది. ఆ వయసువారు వెయ్యిమంది పదమూడేళ్ళపాటు ఈ పరీక్షలకు వెళితే సుమారు ఒకరి ప్రాణం దక్కుతుందని వారి లెక్క. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ మాత్రం 50 ఏళ్ళకే డాక్టరుతో మాట్లాడమంటుంది. మన దేశంలో 30 దాటినవారికి ప్రభుత్వం చేసే క్యాన్సర్ పరీక్షలు నోటికి, రొమ్ముకు, గర్భాశయ ముఖద్వారానికి. ప్రోస్టేట్ ఆ జాబితాలో లేదు.

మరి మీరేం చేయాలి?

1. ఏ బాధా లేకపోతే తొందరపడి పరీక్షకు పరుగెత్తకండి. ముందు లాభనష్టాలు డాక్టరును అడగండి.

2. తండ్రికో, అన్నదమ్ములకో 65 ఏళ్ళలోపే ఈ జబ్బు వచ్చి ఉంటే, 45 ఏళ్ళకే డాక్టరుతో మాట్లాడండి.

3. మూత్రం సన్నగా, ఆగి ఆగి వస్తున్నా, మూత్రంలో రక్తం పడినా, నడుము నొప్పి తగ్గకపోయినా ఏ వయసువారైనా వెంటనే రండి. పైన చెప్పిన వాదాలన్నీ బాధ లేనివారి గురించే. బాధ ఉన్నవారు ఆలస్యం చేయకూడదు.

అమ్మా! మీవారు సిగ్గుపడి చెప్పకపోవచ్చు. రాత్రిపూట మూడు నాలుగుసార్లు మూత్రానికి లేస్తుంటే మీరే వెంటబెట్టుకుని రండి.

సిగ్గు వద్దు, భయం వద్దు. ఇద్దరూ కలిసి అడగండి. ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి.