చూపు లేని గినీ పంది

నిరుడు ఒక సాయంకాలము మా బి.యస్సీ. విద్యార్థి యొకడు ఒక అట్టపెట్టెను తెచ్చి ప్రయోగశాల బల్లపై పెట్టినాడు. అందులో పాలవలె తెల్లనైన గినీ పందిపిల్ల ఉన్నది. దాని కన్నులు ఆవగింజలంత. ప్రక్కన చప్పట్లు చరచినను తల త్రిప్పలేదు. “దీని నెవ్వరును కొనరని అంగడివాడు ఊరకే ఇచ్చినాడు, మాస్టారూ. ఇంటికి తీసికొనిపోదునా? బ్రదుకునా?” అని అడిగినాడు. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్న దాని పుట్టుకను, దంతములను, ఆహారమును గూర్చి కొంత తెలిసికొనవలెను.

పేరులో పంది ఉన్నను ఇది పంది కాదు; ఆఫ్రికాలోని గినీ దేశమునకు చెందినదియు కాదు. ఎలుక, ఉడుతలవలె కొరికెడు జంతువుల వర్గములోనిది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతవాసులు వేల ఏండ్ల క్రిందటనే దీనిని మచ్చిక చేసిరి. 16వ శతాబ్దములో ఇది యూరపు చేరినది. పిల్లలు తల్లి గర్భములో రెండు నెలలకు పైగా పెరిగి, వెండ్రుకలతోను తెరచిన కన్నులతోను పుట్టును. కావున ఇట్టి పిల్లను చూచి, “ఇంకను పసిది, రేపు చూచును” అని తలచరాదు.

ఇట్లేల పుట్టినది?

తెల్లని వెండ్రుకలు, రంగు వెండ్రుకలు కలగలిసి యుండు గినీ పందులను ‘రోన్’ అందురు. ఈ గుణమునకు కారణమైన జన్యువును ‘ర’ అనియు, మామూలు జన్యువును ‘స’ అనియు అనుకొందము. రోన్ జంతువు ‘ర-స’. రెండు రోన్‌లను జత కట్టించినచో మెండెల్ సూత్రము ననుసరించి సగటున నాలుగు పిల్లలలో ఒకటి ‘ర-ర’, రెండు ‘ర-స’, ఒకటి ‘స-స’ అగును. ‘ర-ర’ పిల్లయే మన తెల్లని పిల్ల. ఒక్కటిగా ఉన్నప్పుడు రంగును మాత్రమే మార్చిన జన్యువు, రెండుగా చేరినప్పుడు కన్నులను, వినికిడిని, దంతములను చెరచును. ఇట్టివి పెక్కులు త్వరలోనే చనిపోవును. శ్రద్ధగా పెంచినచో కొన్ని ఏండ్ల తరబడి బ్రదుకును. ఇది తల్లి తిండివలన గాని, గ్రహణమువలన గాని వచ్చిన లోపము కాదు. మందులతో కుదురునదియు కాదు. రెండు రోన్‌లను జత చేయకుండుటయే నివారణ.

ఆగక పెరుగు దంతములు

గినీ పందికి 20 దంతములు. అవి అన్నియు జీవితాంతము పెరుగుచునే యుండును. పీచు గల గడ్డిని నమలుటవలన అరుగును. పైవి, క్రిందివి సరిగా కలియనిచో అరుగుదల తప్పి, క్రింది దవడదంతములు లోపలికి వంగి నాలుకపై వంతెనవలె అడ్డుపడును. అప్పుడు ఆకలి ఉన్నను తినలేదు. ఒక దినము తిండి ఆగిన దాని ప్రేగులు స్తంభించి ప్రాణాపాయము కలుగవచ్చును. కావున వారమున కొకసారి త్రాసులో తూచి, బరువును పుస్తకములో వ్రాయవలెను. రోగము పైకి కనబడక మునుపే త్రాసు చెప్పును. బరువు తగ్గినచో పశువైద్యుని చేత దంతములను సరిచేయించి, అంతవరకు మెత్తని ఆహారమును సూది లేని సిరంజితో నోటి ప్రక్కనుండి కొద్దికొద్దిగా పెట్టవలెను.

మనకును దానికిని ఒకటే కొరత

పెక్కు జంతువులు సి-విటమినును తమ శరీరములోనే తయారు చేసికొనును. అందుకు వలసిన ఒక ఎంజైము గినీ పందికి లేదు, మనకును లేదు. 1907లో నార్వే శాస్త్రజ్ఞులు హోల్స్ట్, ఫ్రోలిక్‌లు దీనికి ధాన్యము మాత్రమే పెట్టి స్కర్వీ వ్యాధిని కలిగించిరి. తరువాత సెంట్-జార్జి మున్నగు వారు 1932లో సి-విటమినును గుర్తించుటకు తోడ్పడినదియు ఈ జంతువే.

కిలో బరువు గల జంతువునకు దినమునకు 10 మొదలు 30 మిల్లీగ్రాముల సి-విటమిను వలయును. జామపండు 100 గ్రాములలో సుమారు 200 మిల్లీగ్రాములు కలదు. అనగా 10 గ్రాముల ముక్కలో 20 మిల్లీగ్రాములు. కొత్తిమీరయు మంచిదే. విటమినును నీటిలో కలిపి యుంచిన త్వరలో చెడిపోవును.

చూపు లేనిదానికి ఇల్లు

కంటికి బదులు మీసములు, ముక్కు దానికి దారి చూపును. నీటిసీసా, తిండిగిన్నె, దాగుకొను గూడు ఎన్నడును చోటు మార్చరాదు. చెవులు కూడ వినబడవు కనుక ఎత్తుకొనుటకు ముందు చేతిని వాసన చూడనీయవలెను. పైనుండి హఠాత్తుగా పట్టిన, గ్రద్ద తన్నుకొనిపోయినట్లే బెదరును. ఇది గుంపుగా బ్రదుకు జంతువు. స్విట్జర్లాండులో 2008 నాటి నిబంధనలు దీనిని ఒంటరిగా పెంచుటను నిషేధించినవి. తన జాతిలోనే, తన లింగముదే ఒక సౌమ్యమైన తోడు ఉన్నచో దానిని ఆనుకొని తిరుగుట నేర్చుకొనును.

మన వేసవి దీనికి గడ్డు కాలము. చల్లని నీడ, గాలి తప్పనిసరి. మరియొక హెచ్చరిక: పెనిసిలిన్‌వంటి మందును నోటిద్వారా ఇచ్చినచో ప్రేగులలోని మేలు చేయు సూక్ష్మజీవులు నశించి చావు సంభవింపవచ్చును. ఇంటిలోని మాత్రలను ఇయ్యరాదు.

ఇదంతయు చెప్పి, “జాలి ఒక్క సాయంకాలము చాలదు, ఏండ్ల తరబడి ప్రతిదినము వలయును. ఆలోచించుకొనుము” అంటిని. అతడు మారు పలుకక, బల్లపైనున్న త్రాసును దగ్గరకు లాగి పిల్లను తూచి, కొత్త నోటుపుస్తకము మొదటి పుటలో వ్రాసికొన్నాడు: 94 గ్రాములు. ఆ పుస్తకములో ఇప్పటికి యాబది పంక్తులు దాటినవి.