పత్తి ఆకు బెండాకు అయ్యేది ఇందుకే

ప్రొద్దుటూరు: పత్తి చేలో లేత ఆకులు సన్నబడి, చీలికలై బెండాకుల్లా మారితే విత్తనం నకిలీదనో, తెగులు తగిలిందనో రైతులు అనుకోవడం కద్దు. పురుగుమందులకు డబ్బు తగలేసేవారూ ఉన్నారు. అయితే ఈ లక్షణాలు కలుపుమందువి కావచ్చు. వరి, జొన్న చేలల్లో వాడే 2,4-డి స్ప్రేయరులో కాస్త మిగిలినా, పక్క చేని నుంచి గాలికి కొట్టుకొచ్చినా పత్తి తట్టుకోలేదు.

ఈ మందు పైరు లోపల చేసే పని విచిత్రమైనది. జీవకణంలో వేలాది రకాల మాంసకృత్తులు ఉంటాయి. వాటిలో తీసివేయవలసిన దానికి కణం ఒక గుర్తు తగిలిస్తుంది. సంతలో కోతకు కొన్న గొర్రెకు రంగు పూసినట్టన్నమాట. ఆ గుర్తు కూడా ఒక చిన్న మాంసకృత్తే. పేరు యుబిక్విటిన్. 76 పూసల దండ వంటిది. గుర్తు పడిన దానిని కణంలోని పీపా వంటి యంత్రం ముక్కలు చేస్తుంది. మనిషిలోనూ, మొక్కలోనూ ఇదే పద్ధతి. దీనిని కనుగొన్న ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు సీకనోవర్, హెర్ష్‌కో, అమెరికా శాస్త్రజ్ఞుడు రోజ్‌లకు 2004లో నోబెల్ బహుమతి లభించింది. హైదరాబాద్ సిడిఎఫ్‌డిలో ఇలాంటి గుర్తులపై పరిశోధించే మద్దిక సుబ్బారెడ్డికి 2022 సంవత్సరపు భట్నాగర్ పురస్కారం దక్కింది.

మొక్క ఎదుగుదలకు బ్రేకు వేసే మాంసకృత్తులు కొన్ని ఉన్నాయి. ఆక్సిన్ అనే హార్మోను ఊరినప్పుడు వాటికి గుర్తు పడి నశిస్తాయి. ఎదుగుదల సాగుతుంది. అవసరం తీరగానే ఆక్సిన్ తగ్గుతుంది. 2,4-డి ఆక్సిన్ వేషంలో వచ్చి త్వరగా పోదు. బ్రేకులన్నీ పోయి ఎదుగుదల గతి తప్పుతుంది. వరి, జొన్న ఈ మందును చాలావరకు విరిచేసుకోగలవు. పత్తికి ఆ శక్తి లేదు. 1940లలో వచ్చిన ఈ మందు గుట్టు 2005లో గాని బయటపడలేదు.

పులివెందుల అరటి మాగడంలోనూ ఈ గుర్తుకు పాత్ర ఉంది. కాయ పచ్చిగా ఉన్నంతకాలం, మాగమని ఆజ్ఞ ఇచ్చే మాంసకృత్తుకు గుర్తు పడి నశిస్తుంటుంది. ఇథిలీన్ వాయువు తగిలితే ఆ గుర్తు ఆగుతుంది, కాయ పండుతుంది. కార్బైడుతో మాగబెట్టడం నిషిద్ధం. ఇథిలీన్ వాయువును పది లక్షల భాగాలకు 100 భాగాల వరకు వాడేందుకు అనుమతి ఉంది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాల పత్తి రైతులు కలుపుమందుకు వేరే స్ప్రేయరు ఉంచుకోవడం మేలు. బాడుగకు తెచ్చిన దానిని సబ్బుపొడి నీళ్లతో పలుమార్లు కడగాలి. గాలి వీచేటప్పుడు 2,4-డి కొట్టరాదు. మందు స్వల్పంగా తగిలిన చేను కోలుకునే అవకాశముంది గనుక, దున్నివేసే ముందు వ్యవసాయాధికారికి చూపించాలి.